టెక్సాస్‌పై 14-7 గెలుపును ఎంతవరకు నమ్మవచ్చు?

2025లో మాస్టర్స్ చదువుకు ఒహాయోలోని కొలంబస్ వచ్చిన ఒక విద్యార్థి, ఆ సెప్టెంబర్ మొదటి వారంలో అడిగిన ప్రశ్న ఇది; జవాబు కూడా ఆ వారం రాసిందే. ఆగస్టు 30న జరిగిన 2025 సీజన్ తొలి మ్యాచ్‌లో మన ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయపు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు దేశంలో ఒకటో ర్యాంకులో ఉన్న టెక్సాస్ విశ్వవిద్యాలయ జట్టును 14-7తో ఓడించింది. కానీ బంతితో ముందుకు సాగిన గజాల లెక్క చూస్తే టెక్సాస్ 336, మనం 203. టీవీలో విశ్లేషకులందరూ టెక్సాస్ క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడుపుతూ బంతిని విసిరే ఆటగాడు) ఆర్చ్ మానింగ్ ఎందుకు తడబడ్డాడన్న దాని గురించే మాట్లాడుతున్నారు తప్ప మనవాళ్ల గురించి పెద్దగా చెప్పడం లేదు. ఇంతకీ ఇది గొప్ప గెలుపా, గుడ్డి దెబ్బా?

నేను 2005లో ఇదే విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి వచ్చాను. ఒహాయో స్టేడియంలో నేను చూసిన మొదటి పెద్ద మ్యాచ్ ఆ సెప్టెంబర్ 10 రాత్రి టెక్సాస్‌తోనే జరిగింది. ఆట ముగియడానికి మూడు నిమిషాలైనా లేని సమయంలో విన్స్ యంగ్ విసిరిన 24 గజాల పాస్‌ను లీమస్ స్వీడ్ అందుకోవడంతో వాళ్లు 25-22తో గెలిచారు, చివరికి ఆ ఏడాది జాతీయ చాంపియన్లయ్యారు. అప్పటికి నాకు ఆట నియమాలు సగమే తెలుసు. గజం అనే మాట వింటే హైదరాబాద్ శివార్ల ప్లాట్లు తప్ప మరేమీ గుర్తుకు రాని రోజులవి. ఆ తరువాత ఇరవై ఏళ్లుగా ఈ జట్టు సీజన్ ఆరంభ మ్యాచ్‌లను చూస్తూ వస్తున్నాను కాబట్టి, వాటిని ఎక్కడ నమ్మి మోసపోయానో, ఎక్కడ నమ్మక పొరబడ్డానో కొంత అనుభవంతో చెప్పగలను.

ముందుగా సమాధానం చెప్పి తరువాత కారణాలకు వెళతాను. ఈ మ్యాచ్‌లో మన డిఫెన్స్ (ప్రత్యర్థిని ఆపే దళం) గురించి తెలిసినదానిని చాలావరకు నమ్మవచ్చు. అఫెన్స్ (బంతితో ముందుకు సాగే దళం) గురించి మాత్రం తెలిసింది చాలా తక్కువ. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటారు గాని, ఇక్కడ ఒకే పొయ్యి మీద రెండు గిన్నెలు ఉన్నాయి, మనం ఆ రోజు మూత తీసి చూసింది ఒక్కదానినే. ఇక స్కోరు 14-7గా ఎందుకు నిలిచిందన్నది మూడో సంగతి. దానికి జవాబు నాలుగో డౌన్లలో ఉంది.

పది గజాలు ముందుకు వెళ్లడానికి డౌన్లు అనే నాలుగు అవకాశాలు ఉంటాయని, మూడింటిలో పని జరగకపోతే సాధారణంగా బంతిని దూరంగా తన్ని అప్పగిస్తారని మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. టెక్సాస్ కోచ్ స్టీవ్ సార్కీసియన్ ఆ రోజు ఐదుసార్లు అలా అప్పగించకుండా నాలుగో అవకాశాన్ని కూడా ఆడించాడు. ఐదింటిలో ఒక్కటే ఫలించింది. 336 గజాలు సాధించిన జట్టుకు ఏడే పాయింట్లు ఎందుకు వచ్చాయన్న చిక్కు సగం ఇక్కడే విడిపోతుంది. ఎంత దూరం నడిచినా గుమ్మం దగ్గర ఆగిపోతే ఆ నడక గణాంకాల్లో మిగులుతుంది గాని బోర్డు మీదకు ఎక్కదు.

వాటిలో ఒకటి మూడో క్వార్టర్‌లో జరిగింది. అప్పటికి మనం 7-0తో ముందున్నాం. సీజే డొనాల్డ్‌సన్ రెండో క్వార్టర్‌లో ఒక గజం దూరం నుంచి దూసుకెళ్లి చేసిన టచ్‌డౌన్ (బంతిని గోల్ లైన్ దాటించడం) అది. టెక్సాస్ బంతిని మన గోల్ లైన్‌కు ఒక గజం దూరం దాకా తెచ్చి, నాలుగో డౌన్‌లో మానింగ్ చేతనే స్నీక్ చేయించింది. స్నీక్ అంటే క్వార్టర్‌బ్యాక్ స్నాప్ (ఆట మొదలుపెడుతూ ముందు వరుస మధ్యలో ఉండే సెంటర్ వెనక్కి అందించే బంతి) అందుకున్న మరుక్షణమే ఆ సెంటర్ వీపు వెనకే తల దించుకుని ముందుకు తోసుకుపోవడం. ఆరడుగుల నాలుగంగుళాల మనిషికి ఒక గజం అంటే దాదాపు ముందుకు ఒరిగిపోతే చాలినంత దూరం. ఆ రోజు నా పక్కన మా బావమరిది కూర్చున్నాడు. ఆస్టిన్ దగ్గర రౌండ్ రాక్‌లో ఉంటాడు, కాల్చిన ఇటుక రంగు చొక్కా వేసుకుని లక్ష మంది ఎర్ర చొక్కాల మధ్యకు వచ్చాడు. స్నాప్ పడగానే అతను చేతులు పైకెత్తేశాడు. మాకు కనిపించింది ఒక కుప్ప మాత్రమే. ఆ కుప్ప ముందుకు జరగలేదు, ఉన్నచోటనే కాస్త పైకి లేచి కూలిపోయింది. రిఫరీ చెయ్యి మనవైపు చూపించేదాకా ఎవరికీ నమ్మకం కుదరలేదు. మా బావమరిది చేతులు దించి నీళ్ల సీసా మూత తీశాడు, ఆ తరువాత చాలాసేపు మాట్లాడలేదు.

దీనిని అదృష్టం అనాలా? కొంతవరకు అనాల్సిందే. ఒక గజం దూరంలో స్నీక్ చేస్తే ఫలించే సందర్భాలే ఎక్కువ, అందుకే ప్రతి జట్టూ దానిని నమ్ముకుంటుంది. ఆ ఒక్కటి లోపలికి వెళ్లి ఉంటే 7-7 అయ్యేది, అప్పుడు మన కోచ్ రయన్ డే అంత నింపాదిగా బంతిని దాచుకుంటూ ఆడించగలిగేవాడు కాదు. అలాగని పూర్తిగా గాలివాటం అని కొట్టిపారేయడానికీ నాకు మనసొప్పదు. టెక్సాస్ గత ఏడాది ముందు వరుసలో ఆడిన ఐదుగురిలో నలుగురు వెళ్లిపోయారు. కొత్తగా కలిసిన ఐదుగురు ఒకే క్షణంలో ఒకే మనిషిలా కదలడం ఆగస్టు నెలలో అంత తేలిక కాదు, గోల్ లైన్ దగ్గర ఆ లోపం ముందు బయటపడుతుంది. మన వైపు కేడెన్ మెక్‌డొనాల్డ్ లాంటి బరువైనవాడు మధ్యలో కదలకుండా కూర్చున్నాడు. జనవరి 10న కాటన్ బౌల్ సెమీఫైనల్లో ఇదే టెక్సాస్ మన గోల్ లైన్‌కు ఒక గజం దూరంలో మొదటి డౌన్‌తో నిలబడి కూడా లోపలికి రాలేకపోయిన సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అప్పుడు మన జాక్ సాయర్ బంతిని ఊడగొట్టి, దానిని తానే పట్టుకుని 83 గజాలు పరుగెత్తితే మనం 28-14తో గెలిచాం. కానీ అప్పటి మన ముందు వరుస నలుగురూ ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌కు వెళ్లిపోయారు. కాబట్టి అదే పట్టుదల జట్టుకు అలవాటైందని నేను సంబరపడను. మనుషులు మారినా అదే జట్టును అదే చోట ఆపగలిగారని మాత్రం గుర్తుపెట్టుకుంటాను.

నేను ఎక్కువగా నమ్ముతున్నది మాట్ ప్యాట్రిషియా పన్నిన పథకాన్ని. గత ఏడాది డిఫెన్స్‌ను నడిపిన జిమ్ నోల్స్ పెన్ స్టేట్‌కు వెళ్లిపోయినప్పుడు, న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ అనే ఎన్ఎఫ్ఎల్ జట్టులో కోచ్ బిల్ బెలిచిక్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేసి, డెట్రాయిట్ లయన్స్ హెడ్ కోచ్‌గా మాత్రం విఫలమైన ప్యాట్రిషియాను తెచ్చుకున్నారు. ఈ ఊళ్లో దానికి పెదవి విరిచినవారిలో నేనూ ఒకడిని. మొదటి ఆటలోనే ఆయన మా నోళ్లు మూయించాడు. స్నాప్‌కు ముందు మనవాళ్లు నిలబడిన తీరుకు, స్నాప్ తరువాత వాళ్లు వెళ్లిన చోటుకు పొంతన ఉండేది కాదు. ఆర్వెల్ రీస్ ఒకసారి లైన్‌బ్యాకర్ చోట (డిఫెన్స్ ముందు వరుసకు కాస్త వెనక) నిలబడి వెనక్కి తగ్గేవాడు, మరోసారి అదే చోటు నుంచి అంచు మీదకు దూకేవాడు. కేలబ్ డౌన్స్ లోతుగా నిలబడినట్టే ఉండి బంతి కదిలేసరికి ముందుకు వచ్చేసేవాడు. కబడ్డీలో కూతకు వచ్చినవాడికి గొలుసు పట్టు ఏ మూల నుంచి వస్తుందో తెలియకపోతే అడుగు ఎలా తడబడుతుందో మనకు తెలుసు. మానింగ్ మొదటి మూడు క్వార్టర్లలో అలాగే తడబడ్డాడు. మనిషి ఖాళీగా కనిపించినా ఒక్క క్షణం ఆగి, విసిరేసరికి బంతి తలపై నుంచో కాళ్ల దగ్గరకో వెళ్లిపోయేది. ఆ మూడో క్వార్టర్‌లోనే జెర్మెయిన్ మాథ్యూస్ అతని పాస్‌ను మధ్యలో అందుకున్నాడు. మానింగ్ చివరికి 30 పాస్‌లలో 17 పూర్తి చేసి 170 గజాలు సాధించాడు గాని, వాటిలో ఎక్కువ భాగం నాలుగో క్వార్టర్‌లో, మనం 14-0తో ముందుండి, పెద్ద దెబ్బ తగలకుండా చూసుకుంటే చాలన్నట్టు ఆడుతున్నప్పుడు వచ్చినవే.

ఇలాంటి ముసుగు వేసే పద్ధతి ఒక రోజు కుదిరి మరొక రోజు కుదరకపోయే రకం కాదు. అది వేసవి అంతా సాధన చేస్తేనే వస్తుంది, వచ్చాక మిగులుతుంది. అందుకే దీనిని నమ్మవచ్చంటున్నాను. అయితే లెక్కలో కొంత తరుగు తీయాలి. మానింగ్ ఇంటిపేరు పెద్దది కావడం వల్ల మనం మరిచిపోతున్నాం గాని, అతనికి ఇది కాలేజీ స్థాయిలో మూడో స్టార్ట్ (ఆరంభం నుంచే బరిలోకి దిగిన మ్యాచ్) మాత్రమే, ప్రత్యర్థి మైదానంలో మొదటిది. పేరుమోసిన క్వార్టర్‌బ్యాక్‌లు పెయ్టన్, ఈలై ఇద్దరూ బాబాయిలే అయినా లక్షా ఏడు వేల మంది ఒకేసారి అరుస్తుంటే వాళ్లెవరూ వచ్చి సిగ్నల్ చదివిపెట్టరు. నవంబర్‌లో ఇదే మానింగ్‌ను ఇదే పథకంతో ఇంతగా కట్టడి చేయగలమా అని అడిగితే నేను పందెం కాయను. ఇంకొక మాట. టెక్సాస్ పరుగుతో 166 గజాలు సాధించింది. ముసుగు పాస్‌ను మోసం చేస్తుంది గాని నేరుగా మీదకు వచ్చే పరుగును అంతగా మోసం చేయలేదు. మన ముందు వరుసలో కొత్తవాళ్లు ఇంకా కుదురుకోలేదని చెప్పే అంకె అది, గెలుపు సంబరంలో దాని మీద ఎవరి కళ్లూ పడలేదు.

ఇక అఫెన్స్. మన క్వార్టర్‌బ్యాక్ జూలియన్ సేయిన్‌కు ఇది మొదటి స్టార్ట్. కోచ్ నిక్ సేబన్ రిటైరైన తరువాత అలబామా నుంచి ఇక్కడికి మారి, గత ఏడాది విల్ హవర్డ్ ఆడుతుంటే బెంచీ మీద కూర్చున్న కుర్రాడు. ఆ రోజు 20 పాస్‌లలో 13 పూర్తి చేసి 126 గజాలు, ఒక టచ్‌డౌన్ సాధించాడు, ఒక్క బంతినీ ప్రత్యర్థి చేతికి ఇవ్వలేదు. పరుగులో జట్టంతా కలిపి 77 గజాలు. దేశంలోనే అత్యుత్తమ రిసీవర్ (పాస్‌లు అందుకునే ఆటగాడు) అని మనం చెప్పుకునే జెరెమయా స్మిత్ 6 పాస్‌లు పట్టి 43 గజాలకు పరిమితమయ్యాడు. ఈ అంకెలను విడిగా ఎవరికైనా చూపిస్తే ఓడిన జట్టువి అనుకుంటారు.

కాని ఇవి ఎలా వచ్చాయో చూడాలి. రయన్ డే, 2025 సీజన్‌లో అఫెన్స్ ఏ ఎత్తు ఆడాలో పిలిచి చెప్పిన బ్రయన్ హార్ట్‌లైన్ ఇద్దరూ ఆ రోజు పొట్టి పాస్‌లు, పరుగులు, మళ్లీ పొట్టి పాస్‌లు అన్న వరుసను వదలలేదు. మూడో డౌన్‌లో దూరం ఎక్కువగా ఉన్నా కుర్రాడి చేత గుంపులోకి విసిరించకుండా బంతిని దూరంగా తన్ని (పంట్ చేసి) సరిపెట్టుకున్నారు. ఎదురుగా ఉన్నది ఆంథొనీ హిల్, కాలిన్ సిమన్స్, మైకేల్ టాఫ్ ఉన్న డిఫెన్స్; అది కూడా దేశంలో ముందు వరుసలో నిలిచేదే. మన డిఫెన్స్ ఆ తీరున ఆడుతుంటే, మొదటిసారి ఆడుతున్న క్వార్టర్‌బ్యాక్ చేత తప్పు చేయించకుండా ఉండటమే గెలవడానికి దగ్గరి దారి. నాలుగో క్వార్టర్ మొదట్లో ఒక్కసారి మాత్రం ఆ గీత దాటారు. సేయిన్ లోతుగా విసిరిన బంతిని కార్నెల్ టేట్ తనమీద ఉన్నవాడిని దాటి అందుకుని 40 గజాల టచ్‌డౌన్ చేశాడు. సేయిన్ పాస్ గజాల్లో దాదాపు మూడో వంతు ఆ ఒక్క బంతిలోనే వచ్చాయి. ఆ విసురును నేను రికార్డింగ్‌లో నాలుగైదుసార్లు చూశాను. టేట్ ఇంకా తన మనిషిని దాటకముందే బంతి సేయిన్ చెయ్యి వదిలింది. కళ్లతో చూశాక విసిరే క్వార్టర్‌బ్యాక్‌కూ, అక్కడికి వస్తాడన్న నమ్మకంతో ముందే విసిరేవాడికీ ఉన్న తేడా అక్కడ కనిపించింది. ఆశ పెట్టుకోవడానికి ఆ ఒక్క బంతి చాలు, తీర్పు చెప్పడానికి చాలదు. వెనకబడిన స్థితిలో, మూడో డౌన్ పది గజాలున్నప్పుడు, కోచ్‌లు చెయ్యి వదిలేసినప్పుడు సేయిన్ ఏం చేస్తాడో ఆ రోజు మనకు చూసే అవసరమే రాలేదు.

చివర్లో పార్కర్ లివింగ్‌స్టోన్ 32 గజాల టచ్‌డౌన్‌తో టెక్సాస్ మూడున్నర నిమిషాలు ఉండగా 14-7కు వచ్చింది. ఆ తరువాత మనవాళ్లు బంతిని అట్టే పెట్టుకుని గడియారం కరిగించలేకపోయారు, వాళ్లకు మళ్లీ బంతి దక్కింది. మంచి పరుగు జట్టైతే అక్కడే ఆట ముగించి ఉండేది. నాకు ఈ మ్యాచ్ మొత్తంలో అన్నిటికన్నా అసంతృప్తి మిగిల్చింది ఆ రెండు నిమిషాలే. మళ్లీ డిఫెన్సే వచ్చి కాపాడింది: ఆఖరి నాలుగో డౌన్‌లో జాక్ ఎండ్రీస్ బంతి పట్టుకున్నాడు గాని, పది గజాల మార్కును చేరకముందే కేలబ్ డౌన్స్ అతన్ని నేలకు దించేశాడు.

సీజన్ తొలి మ్యాచ్‌లు ఎంతగా కళ్లు కప్పుతాయో చెప్పడానికి ఇదే స్టేడియం ఒక ఉదాహరణ ఇస్తుంది. 2022 సెప్టెంబర్ 3న మనం రెండో ర్యాంకులో ఉండి ఐదో ర్యాంకు నోటర్ డేమ్‌ను 21-10తో ఓడించాం. సగం ఆటకు 10-7తో వెనకబడి, రెండో సగంలో వాళ్లకు ఒక్క పాయింటూ ఇవ్వలేదు. డిఫెన్స్ తిరిగి వచ్చేసిందని ఊరంతా చెప్పుకున్నాం, నేను ఇంకాస్త గట్టిగా చెప్పాను. వారం తిరగకముందే అదే నోటర్ డేమ్ సొంత మైదానంలో మార్షల్ చేతిలో 26-21తో ఓడిపోయింది. మన గెలుపు విలువ మనం ఏమీ చేయకుండానే సగానికి పడిపోయింది. నవంబర్‌లో మిషిగన్ ఇక్కడికే వచ్చి 45-23తో మనల్ని ఓడించినప్పుడు, తిరిగి వచ్చిందనుకున్న ఆ డిఫెన్స్ పొడవాటి టచ్‌డౌన్లు ఒకదాని తరువాత ఒకటి ఇచ్చుకుంటూ పోయింది.

దీనికన్నా చేదు జ్ఞాపకం మా బావమరిదిది. 2016 సెప్టెంబర్ 4న ఆస్టిన్‌లో టెక్సాస్ పదో ర్యాంకు నోటర్ డేమ్‌ను రెండు ఓవర్‌టైమ్‌ల తరువాత 50-47తో ఓడించింది. టైరోన్ స్వూప్స్ గోల్ లైన్‌లోకి దూకిన క్షణంలో టీవీ వ్యాఖ్యాత జో టెసిటోర్ టెక్సాస్ తిరిగి వచ్చేసిందని ప్రకటించాడు. ర్యాంకే లేని జట్టు ఆ వారం పదకొండో స్థానానికి ఎగబాకింది. బావమరిది ఆ రాత్రి స్టేడియంలోనే ఉన్నాడు, గొంతు పోయి రెండు రోజులు ఆఫీసులో సైగలతో నెట్టుకొచ్చాడట. ఆ సీజన్‌ను టెక్సాస్ 5-7తో ముగించింది. నవంబర్‌లో కాన్సస్ చేతిలో కూడా ఓడింది. కాన్సస్ అంతకుముందు టెక్సాస్‌ను ఓడించింది 1938లో. కోచ్ చార్లీ స్ట్రాంగ్ ఉద్యోగం పోయింది. ఆ రాత్రి అంత గొప్ప ప్రత్యర్థి అనుకున్న నోటర్ డేమ్ 4-8తో ఇంటికి వెళ్లింది. ఆ మ్యాచ్‌లో 97 పాయింట్లు నమోదయ్యాయంటే రెండు జట్ల డిఫెన్స్‌లూ బాగాలేవని ఆ రోజే అర్థం కావలసింది. ఆనందంలో ఉన్నవాడికి అలాంటి అంకె కనిపించదు. మన 14-7లో ఆ రోగం లేదన్నది నాకు కొంత ఊరట.

తిరగేసి చూసినా ఇదే కనిపిస్తుంది. 2014లో మనం రెండో మ్యాచ్‌లోనే సొంత గడ్డపై వర్జీనియా టెక్ చేతిలో 35-21తో ఓడాం, అలా ఓడిన మన జట్టే ఆ సీజన్‌లో జాతీయ చాంపియన్ అయింది. గాయపడిన బ్రాక్స్‌టన్ మిల్లర్ చోటులోకి వచ్చిన జేటీ బ్యారెట్ సెప్టెంబర్‌లో ఉన్నట్టు నవంబర్‌లో లేడు. సేయిన్ విషయంలోనూ నేను ఎదురు చూస్తున్నది ఆ ఎదుగుదల కోసమే.

మంగళవారం వచ్చిన ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ) ర్యాంకుల్లో మనం ఒకటో స్థానానికి వెళ్లాం, టెక్సాస్ ఏడుకు జారింది. దానికి నేను పెద్ద విలువ ఇవ్వను. విలువ ఉన్నది మరొక చోట: పన్నెండు జట్ల ప్లేఆఫ్ వచ్చాక ఇలాంటి గెలుపు బ్యాంకులో వేసుకున్న సొమ్ములాంటిది. గత ఏడాది మనం ఆరెగాన్ చేతిలో 32-31తో, మిషిగన్ చేతిలో 13-10తో రెండుసార్లు ఓడి కూడా జనవరి 20న నోటర్ డేమ్‌ను 34-23తో ఓడించి టైటిల్ ఎత్తాం. ఈ ఏడాది ఎక్కడైనా ఒకసారి కాలు జారితే ప్లేఆఫ్ జట్లను ఎంపిక చేసే కమిటీ ముందు పెట్టడానికి టెక్సాస్ గెలుపు ఉంటుంది. టెక్సాస్ తక్కిన మ్యాచ్‌లు గెలుస్తూ పోవాలని, మా బావమరిదికి చెప్పకుండా, నేను లోలోపల కోరుకుంటున్నాను. నవంబర్ 29న ఆన్ ఆర్బర్‌లో మిషిగన్‌తో ఏమవుతుందన్నది వేరే ఖాతా. వరుసగా నాలుగేళ్లు ఓడిన ఈ ఊరు టెక్సాస్ గెలుపును ఆ ఖాతాలో జమ కట్టుకోదు.

సెప్టెంబర్ 6న గ్రాంబ్లింగ్ స్టేట్‌తోను, ఆ తరువాత ఏథెన్స్ నుంచి వచ్చే ఒహాయో యూనివర్సిటీతోను ఆటలున్నాయి. ఆ రెండింటిలో స్కోరు ఎంత పెద్దదైనా మీరు దానిని పక్కన పెట్టండి. మొదటి సగంలో, సీనియర్లు ఇంకా మైదానంలో ఉన్నప్పుడు, మన పరుగు ఒక్కో ప్రయత్నానికి ఎన్ని గజాలు తెస్తున్నదో, సేయిన్‌ను లోతుగా ఎన్నిసార్లు విసరనిస్తున్నారో చూడండి. అసలు పరీక్ష సెప్టెంబర్ 27న సియాటెల్‌లో వాషింగ్టన్‌తో ఉంది. ఆ స్టేడియంలో శబ్దం సరస్సు వైపు తెరిచిన అంచు నుంచి తప్ప బయటకు పోదు, ఈసారి స్నాప్ కోసం వేసే కేక తోటివాళ్లకు వినపడనిది మన కుర్రాడిది. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ డెమండ్ విలియమ్స్ మొదటి చూపులో మనిషి దొరకకపోతే నిలబడి ఆలోచించడు, పరుగు అందుకుంటాడు. ప్యాట్రిషియా ముసుగు తొడిగినప్పుడు డౌన్స్ లోతులోంచి ముందుకు వస్తే, ఆ ఖాళీ చేసిన చోటును ఎవరు కాస్తున్నారో ఆ రోజు మొదటి క్వార్టర్‌లో చూడండి. 166 గజాల సంగతి నేను ఎందుకు ఎత్తానో మీకు అక్కడ తెలుస్తుంది.